పుట్టిన వరుస, స్ట్రెస్ హార్మోన్లు: జంతువులపై పరిశోధనలను ఎలా చదవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

"తొలిచూలు పిల్లకు టెన్షన్ ఎక్కువ", "చివర పుట్టినదాని రక్తంలో స్ట్రెస్ హార్మోన్ రెట్టింపు" అనే తరహా వార్తలు తరచుగా కనిపిస్తుంటాయి. చదివినవాళ్లు ముందు తమ అన్నదమ్ములనో, తమ పిల్లలనో తలుచుకుంటారు. ఆ వార్త వెనకున్న పరిశోధనను తెరిచి చూస్తే మాత్రం విషయం అంత సూటిగా ఉండదు. ఏ వరుస, ఏ హార్మోన్, ఎప్పుడు కొలిచారు, ఎవరిని ఎవరితో పోల్చారు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికేదాకా ఆ హెడ్డింగుకు అర్థం లేదని నా నమ్మకం. విద్యార్థులు, పాఠకులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను.

స్ట్రెస్ హార్మోన్ అంటే అసలు ఏది?

ఈ పరిశోధనల్లో ఆ మాటకు అర్థం దాదాపు ఎప్పుడూ గ్లూకోకార్టికాయిడ్లే. ఇవి మూత్రపిండాల మీద టోపీలా కూర్చునే ఎడ్రినల్ గ్రంథుల నుంచి వస్తాయి. ప్రమాదం ఎదురైతే మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి కబురు పంపుతుంది, పిట్యూటరీ రక్తంలోకి ఏసీటీహెచ్ అనే ఇంకో హార్మోన్ వదులుతుంది, అది అందగానే ఎడ్రినల్ పని మొదలుపెడుతుంది. హార్మోన్ తగినంత పెరిగాక అదే తిరిగి మెదడుకు "ఇక చాలు" అని చెబుతుంది. పరిశోధకులు ఎక్కువ ఆసక్తి చూపేది ఈ చివరి మెట్టు మీదే. ఎందుకంటే హార్మోన్ ఎంత పైకి వెళ్లిందన్న దానికంటే ఎంత త్వరగా కిందికి దిగిందన్నదే చాలాసార్లు ఎక్కువ సంగతులు చెబుతుంది.

కార్టిసాల్, కార్టికోస్టిరోన్ ఒకటేనా?

కాదు. మనుషులు, కోతులు, కుక్కలు, పందులు, చేపల్లో ప్రధానమైనది కార్టిసాల్. ఎలుకలు, చుంచులు, పక్షులు, పాముల్లో కార్టికోస్టిరోన్. ఎలుక ఎడ్రినల్‌లో కార్టిసాల్ తయారీకి కావలసిన ఎంజైమే లేదు. అందుకని ఎవరైనా ఎలుక రక్తంలో కార్టిసాల్ కొలిచామని రాస్తే అక్కడ ఒక్క క్షణం ఆగండి. వాళ్లు వాడిన కిట్ నిజానికి దేన్ని పట్టుకుందో వివరం ఇచ్చారా అని వెతకండి. ఇవ్వకపోతే మిగతా పేపర్ మీద కూడా నాకు నమ్మకం తగ్గుతుంది.

"పుట్టిన వరుస" అంటే ఏ వరుస?

అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది, అడిగేవాళ్లు మాత్రం తక్కువ. జంతువుల్లో ఈ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు విషయాలు దాగి ఉంటాయి.

మొదటిది ఈత సంఖ్య. అంటే తల్లికి ఇది తొలిచూలా, మూడో ఈతా అన్నది. ఒక్కో కాన్పులో ఒక్కో పిల్లను కనే కోతుల్లో వరుస అంటే ఇదే. కానీ తొలిచూలు పిల్ల తల్లి వయసులో చిన్నది, పిల్లల్ని సాకిన అనుభవం లేనిది. మందలో దాని హోదా కూడా వేరుగా ఉండవచ్చు. అలాంటప్పుడు మనం కొలిచేది పిల్ల వరుసనా, తల్లి అనుభవాన్నా?

రెండోది ఒకే ఈతలో బయటపడిన క్రమం. పంది ఈనేటప్పుడు పిల్లలన్నీ బయటికి రావడానికి గంటలు పడుతుంది. చివర వచ్చే పిల్లకు ప్రసవంలో ఆక్సిజన్ తగ్గే ప్రమాదం ఎక్కువ. దాని రక్తంలో హార్మోన్ ఎక్కువగా కనిపిస్తే దానికి కారణం అన్నదమ్ముల పోటీ కాకపోవచ్చు, పుట్టుకలో పడ్డ కష్టం కావచ్చు. చుంచుల్లో ఇంకో చిక్కుంది. గర్భంలో ఒక ఆడపిల్ల రెండు మగపిల్లల మధ్య పెరిగితే వాటి హార్మోన్లు దాన్నీ తాకుతాయని ఫ్రెడరిక్ వామ్ సాల్ 1980ల నాటికే చూపించారు. కడుపులో ఉన్న చోటు వేరు, బయటపడ్డ వరుస వేరు. ఈ రెంటినీ కలిపేసి రాసే పేపర్లు లేకపోలేదు.

మూడోది పక్షుల్లో గుడ్డు పగిలిన వరుస. చాలా పక్షులు గుడ్లన్నీ పెట్టడం పూర్తికాకముందే పొదగడం మొదలుపెడతాయి. దాంతో మొదటి పిల్ల రోజుల ముందే బయటపడి, రెండోది వచ్చేసరికి ఒళ్లు చేసి ఉంటుంది.

నాలుగోది గూటిలోనో, బొరియలోనో ఎవరిది పైచేయి అన్నది. ఇది వరుస కాదు, హోదా. ముందు పుట్టినదానికే పైచేయి ఉండటం మామూలే గానీ, ఎప్పుడూ అలాగే ఉంటుందని లేదు. మచ్చల దుమ్ములగొండి కవలల్లో ఏది దేన్ని అణచివేస్తోందో నేరుగా చూసి రాసుకుంటారు. టాంజానియాలోని సెరెంగెటిలో వాటి మలం సేకరించి హార్మోన్ అవశేషాలను కొలిచినవాళ్లు తోబుట్టువుల పోటీతో పాటు ఆకలినీ లెక్కలోకి తీసుకున్నారు. తల్లి పాలివ్వడానికి రావడం ఆలస్యమయ్యేకొద్దీ పిల్లలో హార్మోన్ పెరిగింది. ఆకలిని పక్కన పెట్టి ఒక్క హోదానే చూసి ఉంటే కథ సగమే అర్థమయ్యేది.

హార్మోన్ ఎక్కువుంటే ఆ జంతువు బాధలో ఉన్నట్టేనా?

అలా అనుకోవద్దు. ఈ హార్మోన్ పని శక్తిని సమకూర్చడం. నిద్ర లేవడానికి, ఆహారం కోసం తిరగడానికి, జత కోసం పోటీ పడడానికి కూడా అది కావాలి.

కెన్యాలోని అంబోసెలిలో కోతి జాతికి చెందిన అడవి బబూన్‌లపై చేసిన పరిశోధన 2011లో వచ్చింది. మందలో అన్నిటికంటే పైనున్న మగ బబూన్‌లో స్ట్రెస్ హార్మోన్ రెండో స్థానంలో ఉన్నదానికంటే బాగా ఎక్కువగా కనిపించింది. పైచేయి నిలబెట్టుకోవడమూ ఖర్చుతో కూడిన పనే మరి. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో గర్భంతో ఉన్న ఎర్ర ఉడుతలకు చుట్టూ ఉడుతలు కిక్కిరిసి ఉన్నట్టు అనిపించేలా రికార్డు చేసిన అరుపులు వినిపించారు. తల్లుల్లో హార్మోన్ పెరిగింది, పిల్లలు మామూలు కంటే వేగంగా పెరిగాయి. పోటీ ఎక్కువున్న ఏడాదిలో త్వరగా ఎదిగిన పిల్లకే చోటు దొరుకుతుంది కాబట్టి ఆ పెరుగుదల వాటికి అవసరం. 2013లో వచ్చిన ఈ ఫలితం చదివాక "హార్మోన్ ఎక్కువ కాబట్టి చెడు" అని రాయడానికి నాకు చెయ్యి రాదు.

రక్తం తీసిన పద్ధతి గురించి అంత పట్టింపు ఎందుకు?

ఎందుకంటే తేడాలు ఎక్కువగా పుట్టేది అక్కడే. పంజరంలో ఐదు ఎలుకలున్నాయి అనుకోండి. తలుపు తీసి మొదటి ఎలుకను పట్టుకుంటారు. అది కీచుమంటుంది, మిగతా నాలుగూ మూలకు చేరతాయి. దాని తోక నుంచి రక్తం తీసి, గొట్టం మీద నంబరు రాసి, దాన్ని పక్క పంజరంలో పెట్టి, రెండోదాని కోసం చెయ్యి పెడతారు. ఐదోదాని వంతు వచ్చేసరికి పది పన్నెండు నిమిషాలు గడిచిపోతాయి. అది అంతసేపూ భయపడుతూనే ఉంది. పట్టుకున్న సుమారు 3 నిమిషాల తర్వాత రక్తంలో ఈ హార్మోన్ పెరగడం మొదలవుతుందని అడవి పక్షులు, పాకే జంతువుల మీద చేసిన పరిశీలనలు చూపించాయి. అందుకే ఈ రంగంలో 3 నిమిషాల నియమం అని ఒకటుంది. పట్టుకోవడానికి సులువుగా, ధైర్యంగా ముందుకొచ్చే పెద్ద పిల్లను ఎప్పుడూ ముందు తీసి, మూలన దాక్కున్న చిన్నదాన్ని చివర తీస్తే, చిన్నదానిలో హార్మోన్ ఎక్కువగా కనిపించక ఏమవుతుంది? అక్కడ కొలిచింది పట్టుకున్న వరుసను, పుట్టిన వరుసను కాదు.

కాబట్టి పద్ధతుల భాగంలో నేను మొదట చూసేది ఇదే. పంజరం తెరిచిన క్షణం నుంచి ఎన్ని నిమిషాల్లో రక్తం తీశారు? ఏ పిల్లను ముందు పట్టుకోవాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించారా? ఈ రెండూ రాయకపోతే ఎంత పెద్ద పత్రికలో అచ్చయినా అనుమానం అలాగే ఉంటుంది.

రోజులో సమయం కూడా ముఖ్యమే. రాత్రి తిరిగే ఎలుకల్లో ఈ హార్మోన్ సాయంత్రం చీకటి పడే వేళకు పెరుగుతుంది, పగలు తిరిగే జంతువుల్లో తెల్లవారుజామున. పైగా ఎలుకల్లో అది దాదాపు గంటకోసారి అలలా లేచి పడుతుంటుంది. ఒకే ఒక్క చుక్క రక్తం అంటే ఆ అలలో ఏదో ఒక చోటు, అంతే. రక్తంలో ఉన్నదంతా పని చేసే హార్మోన్ కూడా కాదు. అందులో అధికభాగం ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది, స్వేచ్ఛగా ఉన్నది కొంచెమే.

మనిషి ఎవరన్నదీ లెక్కలోకి వస్తుంది. గదిలో మగవాళ్లు ఉంటే చుంచులు, ఎలుకల్లో స్ట్రెస్ పెరుగుతుందనీ, మగవాళ్లు వేసుకున్న చొక్కా వాసన చాలుననీ 2014లో కెనడా పరిశోధకులు చూపించారు. కాబట్టి సోమవారం పెద్ద పిల్లల్ని ఒకరు, మంగళవారం చిన్న పిల్లల్ని ఇంకొకరు పట్టుకుంటే ఆ పోలిక అక్కడికక్కడే చెడిపోయినట్టు.

మలం, వెంట్రుకలు, ఈకల నుంచి కొలవడం మంచిదా?

ప్రశ్నను బట్టి. మలంలో గత కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల సగటు దొరుకుతుంది, జంతువును పట్టుకోనక్కర్లేదు. వెంట్రుక, ఈక పెరిగిన కాలమంతటి జాడ వాటిలో ఉంటుంది. అయితే మలంలో దొరికేవి హార్మోన్ విరిగిపోగా మిగిలిన ముక్కలు. వాడిన పరీక్ష ఆ జాతి జంతువులో నిజంగా పనిచేస్తోందని ముందే నిరూపించారో లేదో చూడాలి. ఒక ల్యాబ్ అంకెను ఇంకో ల్యాబ్ అంకెతో నేరుగా పోల్చవద్దు.

పెద్ద పిల్లకు, చిన్న పిల్లకు తేడా స్పష్టంగా కనిపించింది. ఇక కారణం వరుసే కదా?

ఇంకా కాదు. ముందు వయసు సంగతి చూడాలి. గూటిలో ఇద్దరి రక్తమూ ఒకే రోజున తీస్తే చిన్నది కొన్ని రోజులు చిన్న వయసులో ఉంటుంది. పిల్లల్లో ఈ వ్యవస్థ రోజురోజుకీ మారుతుంది. ఎలుక పిల్లల్లో పుట్టిన 4వ రోజు నుంచి 14వ రోజు దాకా చాలా రకాల ఒత్తిడికి హార్మోన్ పెద్దగా స్పందించదు. ఆ కాలానికి ఇటొక పిల్లను, అటొక పిల్లను పెట్టి పోలిస్తే కనిపించేది వయసు తేడానే.

తర్వాత కుటుంబం సైజు. మూడో పిల్ల అనేది మూడు లేదా అంతకంటే ఎక్కువ పిల్లలున్న గూటిలోనే ఉంటుంది. మొదటి పిల్ల మాత్రం ఒంటరి పిల్ల ఉన్న గూటిలోనూ ఉంటుంది. అన్ని గూళ్లలోని మొదటి పిల్లలను ఒక కుప్పగా, మూడో పిల్లలను ఇంకో కుప్పగా పోస్తే మీరు పోలుస్తున్నది చిన్న కుటుంబాలను పెద్ద కుటుంబాలతో. ఒకే గూటిలోని తోబుట్టువులను వాటిలో వాటినే పోల్చాలి. మనుషుల మీద జరిగిన పాత పరిశోధనలెన్నో దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే.

ఆపైన గుడ్డు లోపలి సంగతి. పిల్ల కళ్లు తెరవకముందే తల్లి గుడ్డు సొనలో హార్మోన్లు పెట్టి పంపుతుంది. కానరీ పిట్టల్లో చివర పెట్టిన గుడ్లలో టెస్టోస్టిరోన్ ఎక్కువ అని హ్యూబర్ట్ ష్వాబల్ 1993లో చూపించారు. క్యాటిల్ ఎగ్రెట్ అనే తెల్ల కొంగలో సరిగ్గా దీనికి తిరగేసి, ముందు పెట్టిన గుడ్లలోనే ఎక్కువ అని 1997లో తేలింది. కానరీ తల్లి చివరి పిల్లకు ఊతం ఇస్తున్నట్టుంది, కొంగ తల్లి పెద్దదాని పక్షాన నిలబడినట్టుంది. ఒక జాతిలో దొరికిన ఫలితాన్ని "పక్షుల్లో ఇంతే" అని చెప్పడానికి వీల్లేదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

40 పిల్లల మీద చేశామని రాశారు. అది సరిపోతుందా?

ఎంతమంది తల్లులని అడగండి. ఐదుగురు తల్లులు, ఒక్కొక్కదానికి ఎనిమిది పిల్లలైతే మొత్తం 40 అవుతుంది గానీ, ఒకే తల్లి పిల్లలు ఒకదానికొకటి పోలికగా ఉంటాయి. అదే పాలు, అదే జన్యువులు, అదే గూడు. ఒత్తిడి పెట్టింది తల్లికైతే అసలు సంఖ్య 5. ఒకే ఈతలో మొదటిదాన్నీ చివరిదాన్నీ పోలిస్తే ఐదు జతలు దొరుకుతాయి, అంతే. గణాంకాల్లో దీన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతులున్నాయి, వాటిని వాడితే పేపర్లో తప్పక రాస్తారు. నకిలీ పునరావృత్తి అనే ఈ పొరపాటును స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ 1984లోనే పేరు పెట్టి ఎత్తి చూపారు. ఇన్నేళ్ల తర్వాత కూడా అది కనిపిస్తూనే ఉండడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే అలా వృథా అయ్యేవి ప్రాణాలు.

చనిపోయిన పిల్లల లెక్క ఎక్కడ ఉంటుంది?

చాలాసార్లు ఎక్కడా ఉండదు. తిండి తక్కువైన ఏడాదిలో రెండో పిల్లలు మొదటి వారాల్లోనే పోతాయి. మూడో వారంలో కొలవడానికి వెళ్తే బతికున్న రెండో పిల్లలే దొరుకుతాయి, అవి గట్టివి. అప్పుడు "వరుసకూ హార్మోన్‌కూ సంబంధం లేదు" అని రావచ్చు. మొదలుపెట్టినప్పుడు ఎన్ని, కొలిచినప్పుడు ఎన్ని అన్న రెండు అంకెలూ పేపర్లో పక్కపక్కన కనిపించాలి.

పి విలువ 0.05 కంటే తక్కువ అని ఉంటే నమ్మొచ్చా?

పి విలువ అంటే, అసలు తేడా లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా కనీసం అంత తేడా కనిపించే అవకాశం. ఎన్ని కొలతల్లో ఒకటి అలా వచ్చిందో చూడండి. మామూలు స్థాయి, గరిష్ఠ స్థాయి, దిగిన వేగం, ఆడ మగ విడివిడిగా, మూడు వయసుల్లో అంటూ లెక్కపెడితే సులువుగా 20 పరీక్షలవుతాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, అసలు ఏ తేడా లేకపోయినా, కనీసం ఒకటి 0.05 కంటే తక్కువగా వచ్చే అవకాశం దాదాపు 64 శాతం. ఏ కొలత ముఖ్యమో ముందే ప్రకటించారా అన్నదే అసలు ప్రశ్న.

తొలిచూలు పిల్లల్లో తేడా తల్లి పాల వల్ల కావచ్చా?

కావచ్చు, ఇది చాలా ఆసక్తికరమైన దారి. కేటీ హిండే బృందం కాలిఫోర్నియాలో రీసస్ కోతుల పాలను పరీక్షించి 2015లో రాసింది. కాన్పులు తక్కువైన తల్లుల పాలలో కార్టిసాల్ ఎక్కువ. ఆ పాలు తాగిన పిల్లలు బరువు వేగంగా పెరిగాయి, స్వభావంలో కాస్త బెదురు ఎక్కువ, ధైర్యం తక్కువ. ఇక్కడ వరుస ప్రభావం ఉందనుకున్నా అది పిల్ల దగ్గర మొదలవలేదు, తల్లి శరీరం గుండా వచ్చింది.

వీటన్నిటినీ విడదీసే ప్రయోగం ఏదైనా ఉందా?

ఉంది, పిల్లలను మార్చడం. గుడ్లనో, పుట్టిన పిల్లలనో ఒక గూటి నుంచి ఇంకో గూటికి మారిస్తే పెద్దదిగా పుట్టాల్సినది చిన్నదిగా పెరుగుతుంది. గుడ్డుతో వచ్చినదేదో, గూటిలో నేర్చుకున్నదేదో విడిపోతుంది. ఎలుకల్లో ఈ పద్ధతి గొప్ప ఫలితమే ఇచ్చింది. ఎక్కువగా నాకి సాకే తల్లుల పిల్లలు పెద్దయ్యాక ఒత్తిడికి తక్కువగా స్పందిస్తాయని మైకేల్ మీనీ బృందం 1997లో చెప్పింది. తర్వాత పిల్లలను తల్లుల మధ్య మార్చి చూస్తే, వాటి తీరు కన్నతల్లిని కాక పెంచిన తల్లిని బట్టి మారింది. వరుస గురించి మాట్లాడే పేపర్లో ఇలాంటి మార్పిడి లేకపోతే "సంబంధం ఉంది" అనే దగ్గర ఆగాలి, "కారణం" అనకూడదు.

ఇవి మనుషులకు వర్తిస్తాయా?

నేరుగా కాదు. గూటిలో కొన్ని రోజుల తేడాతో పుట్టి, తిండి కోసం ముక్కుతో పొడుచుకునే పిల్లలు వేరు, ఏళ్ల తేడాతో పుట్టిన అన్నదమ్ములు వేరు. మనుషుల్లోనైతే అమెరికా, బ్రిటన్, జర్మనీలలో 20 వేల మందికి పైగా చూసిన 2015 పరిశోధన పుట్టిన వరుసకూ వ్యక్తిత్వానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనపడలేదని తేల్చింది.

ఎప్పుడూ చిన్నదే నష్టపోతుందా?

లేదు. అంబోసెలి ఆడ బబూన్‌లలో చిన్ననాటి కష్టాలను లెక్కపెట్టినప్పుడు, తన వెనకే త్వరగా తమ్ముడో చెల్లెలో పుట్టడాన్ని ఒక కష్టంగా చేర్చారు. తల్లి దృష్టి కొత్త పిల్ల మీదికి మళ్లడంతో దెబ్బ తగిలేది పెద్దదానికి. కరువు, తల్లి మరణం, తల్లికి తక్కువ హోదా వంటివి మిగతా కష్టాలు. మూడు లేదా అంతకంటే ఎక్కువ కష్టాలు పడ్డవి, ఒకటి లేదా ఏమీ లేనివాటికంటే సుమారు 10 ఏళ్లు ముందే చనిపోయాయని 2016లో రాశారు.

చిన్నప్పుడు హార్మోన్ ఎక్కువుంటే జీవితాంతం నష్టమేనా?

దీనికి నేను ఎప్పుడూ మెక్సికోలోని ఇస్లా ఇసబెల్ దీవికి వెళతాను, మనసులోనైనా. అక్కడ నేల మీదే గూడు పెట్టే నీలి పాదాల బూబీలు అనే సముద్రపక్షులను హ్యూ డ్రమండ్ బృందం దశాబ్దాలుగా గమనిస్తోంది. రెండు గుడ్లు సుమారు నాలుగు రోజుల తేడాతో పగులుతాయి. పెద్దది ముక్కుతో చిన్నదాని తల మీద, మెడ మీద పొడుస్తుంది. చిన్నది తల నేలకు దించి, ముక్కు దాచుకుని, ఎదురు తిరగకుండా పడుకుంటుంది. రోజూ, వారాల తరబడి ఇదే వరస. తల్లిదండ్రులు పక్కనే ఉండి కూడా అడ్డుకోవు. 1996లో అచ్చయిన పరిశోధనలో ఈ చిన్న పిల్లల రక్తంలో కార్టికోస్టిరోన్ పెద్దవాటికంటే ఎక్కువగా ఉందని చూపించారు. అక్కడితో ఆగి ఉంటే "రెండోదిగా పుట్టడం శాపం" అనే హెడ్డింగుకు అంతకంటే ఏం కావాలి?

వాళ్లు ఆగలేదు. ఎగిరిపోయిన పిల్లల కాళ్లకు రింగులు వేసి, అవి తిరిగొచ్చి జతకట్టి గూడు పెట్టడాన్ని ఏళ్ల తరబడి రాసుకుంటూ పోయారు. 2011లో జీవితకాల లెక్కలు బయటపెట్టారు. గూటిలో అన్నన్ని పోట్లు తిని, తక్కువ తిని, రక్తంలో అంత హార్మోన్‌తో పెరిగిన చిన్న పిల్లలు, ఒకసారి ఎగరగలిగాక, తమను పొడిచిన పెద్దవాటికంటే ముందుగా చనిపోవడం కనిపించలేదు. నీలి కాళ్లతో అవీ అదే తీరానికి తిరిగొచ్చాయి.